ఆలస్యంగా వచ్చిన నీలం రంగు

(జనవరి 12 ఉదయం భీమవరంలో ఇంటర్, డిగ్రీ విద్యార్థులకూ పండక్కి ఊరొచ్చిన పెద్దలకూ ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. ఎల్లుండి భోగి. ఇళ్లల్లో అరిసెల పాకం పొయ్యి మీద ఉండగా ఇక్కడికి వచ్చి కూర్చున్నారంటే మీకు సైన్సు మీద ప్రేమైనా ఉండాలి, పాకం పట్టే పని తప్పించుకోవాలనైనా ఉండాలి. ఏదైనా నాకు పర్వాలేదు.

మాట్లాడే ముందు ఒక పని మొదలుపెడదాం. ఈ బల్ల మీద మూడు గాజు గొట్టాలున్నాయి. మూడిట్లోనూ మా ఇంట్లో పొద్దున వార్చిన గంజి. చల్లారబెట్టి తెచ్చాను. చల్లారబెట్టి అనే మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత దానితో పనుంది. ఇదిగో ఈ చిన్న సీసాలో నీళ్లు కలిపిన బెటాడిన్. దెబ్బ తగిలితే రాస్తామే, అదే. అందులో అయోడిన్ ఉంటుంది. గంజిలో పిండిపదార్థం ఉంటుంది. రెండూ కలిస్తే ఏమవుతుంది? ఆ, నీలం. టెన్త్‌లో చదివారు. ఈ తెల్ల పింగాణీ ప్లేటు మీద ఒక చుక్క గంజి, ఒక చుక్క అయోడిన్. చూశారా, నేరేడు పండు రంగు కాదు, సిరా రంగు. ముందు వరసలో వాళ్లు వెనక్కి చెప్పండి.

ఇప్పుడు ఒకరు రావాలి. నోరు పుక్కిలించి, ఈ గొట్టంలో కొంచెం ఉమ్మి వెయ్యాలి. నవ్వకండి, సైన్సులో ఇంతకంటే దారుణమైన పనులు చాలా ఉన్నాయి. రామ్మా నువ్వు రా. మొదటి గొట్టంలో గంజి, ఈ అమ్మాయి లాలాజలం. రెండోదాంట్లో గంజి, మామూలు నీళ్లు. మూడోదాంట్లో గంజి, ఇంటి దగ్గర నేను మరిగించి చల్లార్చి తెచ్చిన నా లాలాజలం. పది నిమిషాలకోసారి ఒక్కొక్క గొట్టం నుంచి ఒక చుక్క తీసి ప్లేటు మీద అయోడిన్‌తో కలిపి చూద్దాం. పుస్తకం ప్రకారం ఏం జరగాలి? మొదటిదాంట్లో నీలం రాకూడదు. లాలాజలంలో అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని ముక్కలు చేసి చక్కెర చేసేస్తుంది. మిగతా రెండిట్లో నీలం రావాలి. బాబూ, టైం నువ్వు చూడు.

ఈలోగా నేనొక తప్పు ఒప్పుకోవాలి. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఇదే ప్రాక్టికల్ నేను చేశాను. అందరి గొట్టాల్లో నీలం పోయింది. నాదాంట్లో పోలేదు. అరగంట చూశాను. పోలేదు. పక్కవాడి రికార్డు చూశాను. "నీలి రంగు అదృశ్యమైనది" అని ఉంది. నేనూ అదే రాశాను. పదికి తొమ్మిది మార్కులు వేశారు. ఆ తొమ్మిది మార్కులు ఇప్పటికీ నన్ను పొడుస్తుంటాయి.

ఎందుకు పోలేదు? చాలా ఏళ్లకి తెలిసింది, అదీ మా ఇంట్లో వంటింట్లో తెలిసింది. పాలు ఇంకా పొగలు కక్కుతుంటే నేను తోడు వెయ్యబోయాను. మా అమ్మ కేకేసింది. "ఒరే, కాగే పాలల్లో తోడు వేస్తే పెరుగవుతుందిట్రా? గోరువెచ్చగా అవనియ్యి." అక్కడే నిలబడిపోయాను. నేను కాలేజీలో చేసింది అదే కదా! గంజి పొయ్యి మీద నుంచి దించి, పొగలు పోతుండగానే అందులో లాలాజలం పోశాను. ఎంజైము ప్రోటీను. వేడికి దాని మడతలు విడిపోతాయి. మడత పోయాక అది పని చెయ్యదు. కోడిగుడ్డు ఉడికాక మళ్లీ పచ్చిగుడ్డు అవుతుందా? నా గొట్టం నిజం చెప్పింది. నేను అబద్ధం రాశాను. ఆ రోజు "నాదాంట్లో ఎందుకు పోలేదు?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, ఎంజైముల గురించి సగం పాఠం నాకు నేనే నేర్చుకునేవాణ్ణి.

మీలో ఎంతమంది రీడింగులు "సెట్" చేశారు? చేతులెత్తక్కర్లేదు. సీనియర్ల రికార్డు ముందు పెట్టుకుని, జవాబు ముందు రాసి, రీడింగు తర్వాత రాసినవాళ్లు? సరే సరే, కెమెరా అటు తిప్పకండి.

ఇవాళ ఎవరి పుట్టినరోజో తెలుసు కదా. యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895 జనవరి 12, ఇదే భీమవరం. ఆయన గురించి మన ఊళ్లో సభ పెడితే మందుల జాబితా చదువుతాం. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ అని. బోదకాలుకి వేసే డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం పనే. ఈ డెల్టాలో ఆ మాత్ర మింగని కుటుంబం తక్కువ. అవన్నీ గొప్పవే. కానీ ఇవాళ నేను వాటి గురించి మాట్లాడను. వాటికంటే చాలా ముందు, 1920లలో, ఒక గొట్టంలో రంగు ఆలస్యంగా వచ్చింది. నేను ఆ ఒక్క రంగు గురించే మాట్లాడతాను.

ముందు కొంచెం రసాయనం. మన శరీరం దేనితో తయారైంది? ఆక్సిజన్, కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్. బరువులో సుమారు 96 శాతం ఈ నాలుగే. ఇవన్నీ గాలిలో, నీళ్లల్లో, బొగ్గులో ఉన్నవే. ప్రాణికి ప్రత్యేకమైన మూలకం అంటూ ఒక్కటి కూడా లేదు. ఒకప్పుడు అలా అనుకోలేదు. ప్రాణమున్న వాటి పదార్థాల్లో ఏదో ప్రాణశక్తి ఉంటుంది, వాటిని సీసాలో చెయ్యడం కుదరదు అనుకున్నారు. 1828లో జర్మనీలో ఫ్రెడరిక్ వోలర్ యూరియాని మూత్రపిండం లేకుండా తయారు చేశాడు. అమ్మోనియం సయనేట్ చేద్దామనుకుంటే యూరియా వచ్చింది. మీ నాన్నగారు చేలో చల్లే యూరియా, మీ మూత్రంలో పోయే యూరియా, రెండూ ఒకటే అణువు. చేను తేడా చూడదు.

పిండిపదార్థాలు, కొవ్వులు, ప్రోటీన్లు, కేంద్రకామ్లాలు. ఈ నాలుగు రకాలూ మీ పుస్తకంలో బొమ్మలతో సహా ఉన్నాయి, అక్కడ చదవండి. నేను భాస్వరం దగ్గరికి పోతున్నాను. ఫాస్ఫరస్. శరీరం బరువులో ఒక్క శాతం. డెబ్బై కిలోల మనిషిలో ఏడు వందల గ్రాములు. అందులో దాదాపు 85 శాతం ఎముకల్లో, పళ్లల్లో. మిగిలిన కొంచెం కణాల్లో. ఈ మూలకం మొదట దొరికింది కూడా ఎక్కడో తెలుసా? మూత్రంలో. 1669లో హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ అనే ఆయన బంగారం చేద్దామని మూత్రాన్ని కాచాడు, కాచాడు, కాచాడు. చివరికి చీకట్లో వెలిగే పదార్థం వచ్చింది. చెప్పాను కదమ్మా, ఉమ్మి చాలా నయం.

ఆ కణాల్లో ఉన్న కొంచెం భాస్వరం ఏం చేస్తోంది? అది కొలిస్తే కదా తెలిసేది. సుబ్బారావు గారు 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. ఇక్కడ మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కిన మనిషి. అది కూడా గుర్తుపెట్టుకోండి, ముఖ్యంగా తల్లిదండ్రులు. అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట పని చేసుకుంటూ చదివారు. తర్వాత హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. ఒంట్లో భాస్వరం ఆక్సిజన్‌తో కలిసి ఫాస్ఫేట్‌గా ఉంటుంది. రక్తంలో, మూత్రంలో ఆ ఫాస్ఫేట్ ఎంత ఉందో కొలిచే మంచి పద్ధతి కావాలి. అప్పటికే ఉన్న పద్ధతులతో చిక్కులున్నాయి. వీళ్లిద్దరూ ఒకటి తయారు చేశారు. ఆమ్లంలో ఫాస్ఫేట్‌కి అమ్మోనియం మాలిబ్డేట్ కలుపుతారు. రెండూ జతకడతాయి. దానికి ఇంకో రసాయనం కలిపితే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం. 1925లో అచ్చయింది. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో తరతరాల విద్యార్థులు చేశారు, నేనూ చేశాను. ఆ ప్రాక్టికల్‌లో మటుకు రీడింగు మార్చలేదు.

ఏం బాబూ, పది నిమిషాలైందా? చూద్దాం. రెండోది, నీలం. మూడోది, నీలం. మొదటిది... నీలమే. ఇంకా నీలమే. సరే. టైం ఇద్దాం.

ఎక్కడున్నాం? ఆ, నీలం. ఇప్పుడు ఈ పద్ధతితో వాళ్లు కండరాన్ని చూశారు. కండరాన్ని నూరి, ప్రోటీన్లు తీసేసి, వడకట్టిన ద్రవంలో రసాయనాలు కలిపారు. మామూలు ఫాస్ఫేట్ అయితే కొన్ని నిమిషాల్లో రంగు పూర్తిగా రావాలి. కండరపు ద్రవంలో రంగు వచ్చింది. కానీ నెమ్మదిగా వచ్చింది. రావలసిన టైముకి రాలేదు, తర్వాత మెల్లమెల్లగా ముదిరింది.

అంతే. జరిగింది అంతే. పేలుడు లేదు, మంట లేదు. రంగు లేటు.

మీరైతే ఏం చేస్తారు? నిజం చెప్పండి. రసాయనం పాతబడిపోయింది, పారబోసి మళ్లీ చేద్దాం అంటారు. లేకపోతే, చివరికి వచ్చింది కదా, వచ్చిన రీడింగు రాసేసి హాస్టల్‌కి పోదాం అంటారు. పద్ధతి మనమే కనిపెట్టాం, మన పద్ధతికి మచ్చ వస్తుంది, ఈ లేటు సంగతి ఎవరికీ చెప్పకుండా ఉందాం అని కూడా అనిపించొచ్చు. అది ఇంకా పెద్ద టెన్షన్.

వాళ్లు "ఎందుకు లేటు?" అని అడిగారు. దీనికి రెండు ఊహలు చెయ్యొచ్చు. ఒకటి, కండరంలో ఏదో పదార్థం ఉండి రంగు రాకుండా అడ్డుపడుతోంది. రెండు, అక్కడున్నది విడి ఫాస్ఫేట్ కాదు. దేన్నో పట్టుకుని ఉంది. పరీక్ష కోసం మనం పోసిన ఆమ్లం, మాలిబ్డేట్ ఆ పట్టుని మెల్లగా విడదీస్తున్నాయి. విడిపోయినంత మేరకే రంగు. రెండూ వినడానికి బాగానే ఉన్నాయి. ఏది నిజమో ఎలా తేలుస్తారు? అమ్మా, ఆ చివర చెయ్యెత్తావు, చెప్పు. ఆ... "మామూలు ఫాస్ఫేట్ కొంచెం ఆ ద్రవంలో కలిపి చూస్తాను" అంటోంది. వినబడిందా? కలిపిన ఫాస్ఫేట్ రంగు కూడా లేటయితే, ఏదో అడ్డుపడుతున్నట్టు. అది టైముకే వచ్చి, కండరంలోది మాత్రమే లేటయితే, అడ్డు ఏమీ లేదు, ఫాస్ఫేటే కట్టుబడి ఉన్నట్టు. ఇంతే నాన్నా సైంటిఫిక్ మెథడ్. పుస్తకంలో పరిశీలన, పరికల్పన, ప్రయోగం, నిర్ధారణ అని నాలుగు డబ్బాలు గీసి బాణాలు పెడతారు. డబ్బాలు మర్చిపోయినా ఏం పర్లేదు. "నా ఊహ తప్పయితే నాకు ఎలా తెలుస్తుంది?" అని అడగడం వచ్చా? అది వస్తే చాలు.

కండరంలో ఫాస్ఫేట్ కట్టుబడే ఉంది. దేనికి? క్రియాటిన్ అనే పదార్థానికి. అది విడిపోయినప్పుడు ఒక ఫాస్ఫేట్‌కి ఒక క్రియాటిన్ లెక్కన, సరిసమానంగా వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. తమాషా ఏమిటంటే, అప్పటిదాకా కండరంలో "విడి ఫాస్ఫేట్" అని అందరూ లెక్క రాసుకున్నదాంట్లో చాలా భాగం ఇదే. కొలిచే పద్ధతే దాన్ని విరగ్గొట్టేసి, విరిగిన ముక్కని కొలుస్తోంది. ఇంట్లో పిల్లి తోసిన కుండ పెంకులు చూసి, ఈ ఇంట్లో వాళ్లకి పెంకులే ఉంటాయి కాబోలు అనుకున్నట్టుంది. పిల్లి అంటే గుర్తొచ్చింది, వాళ్లు వాడింది పిల్లి కండరమే. అదే కాలంలో ఇంగ్లండ్‌లో ఫిలిప్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులు కప్ప కండరంలో ఈ త్వరగా విరిగిపోయే ఫాస్ఫేట్‌ని చూశారు. కానీ అది క్రియాటిన్‌తో కట్టుబడి ఉందని చెప్పింది ఫిస్కే, సుబ్బారావు.

అక్కడితో ఆగలేదు. కండరాన్ని ఉత్తేజపరిచి పని చేయిస్తే ఈ పదార్థం తగ్గింది. విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరిగింది. అంటే ఇది ఊరికే నిల్వ ఉన్నది కాదు. పనిలో ఖర్చయి విశ్రాంతిలో జమ అవుతోంది.

ఇక్కడ పెద్ద చిక్కొచ్చింది. కండరం ఎలా ముడుచుకుంటుందో అప్పటికే "తెలుసు". లాక్టిక్ ఆమ్లం తయారవడం వల్ల ముడుచుకుంటుంది. ఇంగ్లండ్‌లో ఎ.వి. హిల్, జర్మనీలో ఒట్టో మేయర్‌హాఫ్. కండరం మీద చేసిన పనికి 1922 నోబెల్ వాళ్లిద్దరికీ ఇచ్చారు. నోబెల్ వచ్చినవాళ్లు ఒక మాట చెప్పాక, రాత్రి డ్యూటీలు చేసుకుని చదివిన భీమవరం అబ్బాయి గొట్టంలో రంగు లేటయితే ఎవరికి పట్టింది?

పట్టింది. 1930లో డెన్మార్క్‌లో ఐనార్ లుండ్స్‌గార్డ్ కండరానికి అయోడోఅసిటిక్ ఆమ్లం ఎక్కించాడు. అది లాక్టిక్ ఆమ్లం తయారీని పూర్తిగా ఆపేస్తుంది. సిద్ధాంతం నిజమైతే కండరం కదలకూడదు. కదిలింది! ఒకసారి కాదు, చాలాసార్లు ముడుచుకుంది. ముడుచుకుంటున్నకొద్దీ ఫాస్ఫోక్రియాటిన్ తగ్గిపోతూ వచ్చింది. అది అయిపోయాక కండరం బిగుసుకుపోయింది. పాత సిద్ధాంతం అక్కడితో సరి. హిల్ ఏం చేశాడో తెలుసా? 1932లో తనే వ్యాసం రాశాడు, కండర శాస్త్రంలో విప్లవం వచ్చిందని. కూలింది తన సిద్ధాంతం, రాసింది తనే. మన దగ్గర ఒక వాట్సాప్ ఫార్వర్డ్ తప్పని చెబితే గ్రూపు వదిలి వెళ్లిపోతారు.

1929లో ఏటీపీ దొరికింది. ఫిస్కే, సుబ్బారావు అమెరికాలో. అదే సంవత్సరం కార్ల్ లోమాన్ జర్మనీలో, అదీ మేయర్‌హాఫ్ ప్రయోగశాలలోనే. మూడు ఫాస్ఫేట్లు వరసగా ఉన్న అణువు, కణం పనికి శక్తి ఇచ్చేది ఇదే. దాన్ని కణం రూపాయి నోటు అని మీ మాస్టార్లు చెబుతారు. నాకు ఆ పోలిక అంత నచ్చదు. రూపాయిని దాచుకోవచ్చు. ఏటీపీని దాచుకోలేం. ఒక్కో సమయంలో ఒంట్లో ఉండేది చాలా కొంచెం. కానీ రోజు మొత్తం మీద ఎన్నిసార్లు విరిగి, ఎన్నిసార్లు మళ్లీ తయారవుతుందో లెక్కేస్తే ఇంచుమించు మన బరువంత అవుతుంది. నన్నడిగితే అది పండగ నాటి కాఫీ గ్లాసు. గ్లాసులు పది, చుట్టాలు వంద. కడుగుతూ పోస్తూ ఉండాల్సిందే.

మరి ఫాస్ఫోక్రియాటిన్ ఏం చేస్తుంది? కబడ్డీలో కూతకెళ్లినవాడు ఒక్కసారిగా కాలు విసురుతాడు. కండరంలో ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్లకే చాలుతుంది. తర్వాత? విరిగిన ఏటీపీకి ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేట్‌ని తీసి ఇచ్చేస్తుంది, అది మళ్లీ ఏటీపీ అవుతుంది. పది సెకన్ల దాకా లాక్కొస్తుంది. ఆ తర్వాతే చక్కెర కరిగించే పని అందుకుంటుంది. ఈ వారంలో మన చుట్టుపక్కల పందెం కోళ్లు గాల్లోకి లేచినప్పుడు వాటి కాళ్లల్లో జరిగేదీ ఇదే. నేను పందేలకి వెళ్లమనడం లేదు. జరిగేది చెబుతున్నాను.

వెనక జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు కనబడుతున్నారు. మీరు డబ్బాలో కొనే క్రియాటిన్ పొడి ఇదే క్రియాటిన్. పెద్దవాళ్లకి ఇంకోలా తెలుసు. కిడ్నీ పరీక్షలో "క్రియాటినిన్ ఎంత?" అని అడుగుతారు. కండరంలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ రోజూ కొంచెం కొంచెం క్రియాటినిన్‌గా మారుతుంది. కిడ్నీలు దాన్ని బయటికి పంపుతాయి. పంపలేకపోతే రక్తంలో పెరుగుతుంది. దాన్ని కొలవడానికి 1886లో మాక్స్ జాఫే చూసిన రంగు చర్యనే ఇప్పటికీ చాలా ల్యాబులు వాడుతున్నాయి. అది నీలం కాదు, నారింజ. శ్రీకాకుళం ఉద్దానంలో ఆ అంకె పెరిగిపోయిన ఇళ్లు ఎన్నో. కారణం నీళ్లా, నేలలోని సిలికానా, పురుగు మందులా, ఎండలో నీళ్లు తాగకుండా పనిచెయ్యడమా? ఒక్కొక్క ఊహనీ పరీక్షిస్తూనే ఉన్నారు. ఏ ఒక్కటీ ఇంకా తేలలేదు. మీలో ఎవరైనా ఈ రంగంలోకి వెళ్తే, ఆ పని మీ కోసం అక్కడే ఉంది.

ఇరవై నిమిషాలు దాటిందా? రా నాన్నా, ప్లేటు ఇటు పెట్టు. రెండోది, నీలం. మూడోది, నీలం. బాగుంది. మొదటిది... ఊదా. పూర్తిగా పోలేదు. నీలం కాదు, తెలుపూ కాదు, వంకాయ రంగు.

ఇంటి దగ్గర మొన్న చేసి చూసుకున్నాను, పది నిమిషాల్లో పోయింది. ఇవాళ పోలేదు. సుబ్బారావు గారి పుట్టినరోజు నాడు నా గొట్టంలో కూడా రంగు లేటు. ఇప్పుడు నేను "అదృశ్యమైనది" అని రాయనా? రాయను. ఒకసారి రాశాను, చాలు.

ఎందుకు లేటో చెప్పండి. గంజి చిక్కగా ఉందా? అవ్వచ్చు. ఉమ్మి తక్కువైందా? అవ్వచ్చు. ఇంకా? ఆ పెద్దావిడ ఏదో అంటున్నారు, మైకు ఇవ్వండి. "చలికాలం కదండీ, మా ఇంట్లో పెరుగు కూడా తోడుకోవట్లేదు. గిన్నె బియ్యం డబ్బాలో పెడితే గాని తోడుకోవట్లేదు." చూశారా! అమ్మా, మీరు ముందే వచ్చి ఉంటే నేను ఇంతసేపు మాట్లాడే పని తప్పేది. మొన్న నేను చేసింది మధ్యాహ్నం, వంటింట్లో. ఇక్కడ పొద్దున్నే, ఫ్యాన్లు కూడా తిరుగుతున్నాయి. ఎంజైముకి మన ఒంటి వేడి ఇష్టం. కాగితే చచ్చిపోతుంది. చల్లగా ఉంటే చావదు, బద్ధకిస్తుంది.

కానీ అది ఊహే. బాగుంది కాబట్టి నిజం అయిపోదు. ఎలా తేలుద్దాం? మొదటి గొట్టంలో ఉన్నదాన్ని రెండు సగాలు చేద్దాం. గంజి అదే, ఉమ్మి అదే, పోసిన టైమూ అదే. ఒక సగం ఈ బల్ల మీదే ఉంటుంది. ఇంకో సగం గోరువెచ్చటి నీళ్ల గ్లాసులో పెడదాం. ఎవరమ్మా, టీ దగ్గర వేడినీళ్లున్నాయా? కొంచెం చన్నీళ్లు కలిపి తీసుకురా, వేలు పెడితే కాలకూడదు. రెండిటికీ తేడా వెచ్చదనం ఒక్కటే. గ్లాసులోది ముందు తెల్లబడితే అమ్మగారు చెప్పింది నిలబడినట్టు. రెండూ ఒకేలా ఉంటే వేరే కారణం వెతుక్కుందాం.

టైం రాసుకో బాబూ, పదకొండూ పన్నెండు. ఇంకో పది నిమిషాలు. ఈలోగా టీ తాగుదాం. ప్లేటు మాత్రం ఎవరూ కడగకండి.